అడుగుకో రకం నేల

ఇంటాయన కబురైనా చేయకుండా దిగిపోయాడనీ, చేతిలో పెట్టె కింద పెట్టకుండానే గుమ్మంలో కొయ్యబారిపోయాడనీ పోయిన వారమే చెప్పుకున్నాం. ఉద్యోగం పని మీద వెళ్ళేటప్పుడు ఆయన ఇల్లంతా ఒకటే తెల్ల పలకలు పరుస్తారని, పాలు ఒలికినట్టు మెరిసిపోతుందని ఊహించుకుని వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి గుమ్మం లోపల గరుకు రాయి ఉంది. అది దాటితే హాలంతా చెక్క. వంటింటి ముందు గీతల పలకలు, వంటింట్లో నున్నటివి, పడగ్గది ముందు గులకరాళ్ళు పొదిగిన పట్టీ. నేల పరిచే తమ్ముడు మోకాళ్ళ మీద కూర్చుని, చేతిలో రబ్బరు సుత్తితో, ఆయన్ని చూసి పళ్ళికిలించాడు. ఆ నవ్వే కొంప ముంచింది.

"అక్కా, నువ్వు తొందరగా రా."

ఆ ఫోన్ వచ్చినప్పుడు అక్క టైల్స్ గోడౌన్‌లో ఉంది. పగిలిన పెట్టెలు వెనక్కి తీసుకోమని గుమస్తాతో పొద్దున్నించీ పోట్లాడుతోంది. గుమస్తా ఆ పగుళ్ళు డిజైనే అంటున్నాడు.

"ఏమైందిరా?"

"ఇంటాయన వచ్చారు. అరుస్తున్నారు. నాకేమో పలకల సందుల్లో నింపడానికి కలిపిన గ్రౌటు ఆరిపోతోంది. నువ్వొచ్చి మాట్లాడుకో."

"ఇంటావిడ ఆయనకి చెప్పలేదా? చెప్తానని నాతో అన్నారు కదా!"

"నన్నడుగుతావేంటి? నాకు గీతకి గీత కలిస్తే చాలు."

ఆమె ఫోను సంచిలో పడేసి, గుమస్తా వైపు ఒక చూపు చూసి బయల్దేరింది. దారి పొడవునా తనలో తనే గొణుక్కుంది. గొణుక్కోవడం ఆమెకు అలవాటే. నేల పనివాళ్ళలో ఆమెను అందరూ అగ్రిమెంటమ్మ అంటారు, ఎదురుగా కొందరు, చాటుగా అందరూ. తండ్రి ఉన్న రోజుల్లో పనంతా నోటిమాట మీద నడిచేది. ఆయన తరవాత తమ్ముడూ అదే పద్ధతి పట్టుకున్నాడు. ఒకసారి ఒక ఇంటివాళ్ళు లేత రంగు వేయమన్నారు, వాడు లేత బూడిద రంగు వేశాడు. వాళ్ళ మనసులో ఉన్న లేత వేరట. హాలంతా పెళ్ళగించి మళ్ళీ వేయాల్సి వచ్చింది. ఆనాటి నుంచి అక్క కాగితం లేకుండా ఒక్క పలక కూడా కదలనివ్వదు. ఏ గదికి ఏ పలక, ఏ షాపుది, ఏ పెట్టె మీద ఏ అంకె, కోత వృథా ఎంత, మూల సరిగ్గా కుదరకపోతే ఎవరి పూచీ, అన్నీ రాస్తుంది. సంతకాలు చేసేవాళ్ళు కూడా తక్కువేం తినలేదు. తమ పిల్లి ఆరని గ్రౌటు మీద నడిస్తే మరమ్మతు ఉచితంగా చేయాలని ఒకరు రాయించారు. పని జరిగేటప్పుడు పనివాడు కూని రాగాలు తీయకూడదని ఇంకొకరు రాయించారు. ఆ ఇంట్లో తమ్ముడు మూతి బిగించుకుని పనిచేసి, ఇంటికొచ్చి పొద్దుపోయేదాకా పాడేవాడు.

కానీ ఈ ఇంటావిడ పెట్టినంత పేచీ ఎవరూ పెట్టలేదు. ఇల్లు ఆవిడ పేరు మీదే ఉంది. రేడియోలో వార్తలు చదివి, ఈ మధ్యే ఉద్యోగం వదిలేసిన మనిషి. అగ్రిమెంటు మొత్తం పైకి చదివి వినిపించమంది. విని, మళ్ళీ చదవమంది. మూడోసారి చదివేసరికి అగ్రిమెంటమ్మ గొంతు బొంగురుపోయింది. మధ్యలో ఒక మాట మార్పించింది, ఒక షరతు చేర్పించింది, మళ్ళీ మొదటి నుంచి చదివించుకుంది. అంతసేపూ ఎదుటి మనిషి మొహం చూడకుండా ఎటో పక్కకి చూస్తూ కూర్చుంది. అంత గొప్పవాళ్ళకి మనబోటి వాళ్ళ మొహాలు ఆనుతాయా అనుకుని అగ్రిమెంటమ్మ పళ్ళు నూరుకుంది.

ఇంటి ముందు ఆటో దిగేసరికి అరుపులు గేటు దాకా వినిపిస్తున్నాయి.

"మీరేనా ఆ కాగితాల మనిషి?" హాలు మధ్యలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ ఇంటాయన అడిగాడు. బూట్లు విప్పలేదు.

"నేనే సార్. కూర్చుని మాట్లాడుకుందాం."

"ఎక్కడ కూర్చోమంటారు? రాయి మీదా, చెక్క మీదా, గులకరాళ్ళ మీదా? ఇది ఇల్లనుకున్నారా, షాపులో శాంపిళ్ళు అతికించిన బోర్డనుకున్నారా?"

"బోర్డు మీద జాయింట్లు ఇంత బాగా రావండీ," అన్నాడు తమ్ముడు కింద నుంచి, తల ఎత్తకుండా.

"ఒరేయ్, నువ్వు నోరు ముయ్యి," అంది అక్క.

"ఆయన్ని మాట్లాడనివ్వండి. నిజాలు అలాగే బయటికొస్తాయి." ఇంటాయన ఒక్కో రకం నేలనూ వేలితో చూపించాడు. "మీ దగ్గర మిగిలిపోయిన ముక్కా చెక్కా అంతా తెచ్చి మా ఇంట్లో వదిలించుకున్నారు. నేను ఊళ్ళో లేనని చూసి, ఆవిడకి ఏవో మాటలు చెప్పి అంటగట్టారు. అవునా, కాదా?"

అగ్రిమెంటమ్మకు చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్ళలో పని ఆలస్యమైందని తిట్టినవాళ్ళు ఉన్నారు, రంగు నచ్చలేదని తిట్టినవాళ్ళు ఉన్నారు. మోసం అన్న మాట మాత్రం ఎవరూ అనలేదు.

"సార్, ప్రతి రాయీ మేడమ్ గారే షాపుకొచ్చి ఎంచుకున్నారు. చెప్పులు విప్పి, ఒక్కోదాని మీదా నిలబడి, నడిచి చూసి మరీ తీసుకున్నారు. షాపువాళ్ళని అడగండి."

"చెప్పులు విప్పి నడిచిందా?"

"అవును. అరగంట అలా నడుస్తూనే ఉన్నారు. షాపులో అందరూ చూస్తుంటే నాకే మొహమాటంగా ఉండింది."

ఆయన నుదురు చిట్లించాడు గాని కోపం తగ్గలేదు. జేబులోంచి ఫోను తీశాడు. పక్కనే బ్యాంకు మేనేజరు గారి ఇల్లుంది. అక్కడ కింద నుంచి మేడ దాకా నేలంతా మార్చే పని వీళ్ళకే రాబోతోంది. ఆ సాయంత్రమే అగ్రిమెంటు మీద సంతకాలు కావాలి. ఆ సంగతి ఈయనకు ఎలా తెలిసిందో గాని, అగ్రిమెంటమ్మ చూస్తుండగానే మేనేజరుకు ఫోన్ కొట్టాడు.

"మేనేజరు గారూ, మీరు వీళ్ళకి పనిస్తున్నారట కదా. ఒక్కసారి మా ఇంటికొచ్చి చూసి సంతకం పెట్టండి. అంతే. ఇంకేం చెప్పను, మీరే చూడండి."

ఫోను జేబులో పెట్టుకున్నాడు. తమ్ముడి చేతిలో సుత్తి ఆగింది. పలకలు తప్ప వేరే లోకం ఎరగని మనిషి కూడా ఆ మాటకి తల ఎత్తి అక్క మొహం చూశాడు.

అప్పుడే మేడ మీద నుంచి ఇంటావిడ దిగింది. పాదాలకి చెప్పుల్లేవు. హాలు అంచున ఒక్క క్షణం ఆగి, చెక్క మీద అడుగు పెట్టి, భర్త గొంతు వినిపించిన వైపు తిరిగింది.

"ఎందుకండీ అలా అరుస్తారు? వాళ్ళని ఏమీ అనకండి. ఇదంతా నేను చెప్పే చేయించాను."

"ఎందుకు చేయించావు?"

"నచ్చింది."

"నచ్చిందా! ఇద్దరం కలిసి వెళ్ళి తెల్ల పలకలు చూశామా లేదా? నువ్వే బాగున్నాయన్నావా లేదా?"

"అప్పుడు బాగున్నాయనిపించింది. తరవాత ఇవి బాగున్నాయనిపించింది."

"ఒక్క ఫోన్ చేసి చెప్పచ్చు కదా. రోజూ మాట్లాడుకున్నాం కదా! వాన పడిందా, తాళం వేశావా అని అన్నీ అడిగాను. ఇల్లు మొత్తం తవ్వి పోస్తున్నానని ఒక్క మాట నీ నోట రాలేదు."

అగ్రిమెంటమ్మకు ఓపిక నశించింది.

"మేడమ్, మీ ఇద్దరి మధ్యలోకి రాకూడదు గాని, ఇప్పుడు నా పేరు పోతోంది. మేం మోసం చేశామని సార్ పక్కింటికి ఫోన్ చేసి చెప్తున్నారు. ఎందుకిలా వేయించుకున్నారో ఒక్క కారణం చెప్పండి. చిన్నదైనా ఫరవాలేదు. చిత్రమైనదైనా ఫరవాలేదు."

"చెప్పాను కదమ్మా. నచ్చింది."

"అది కారణం కాదండీ!"

"ఇల్లు నాది. నాకు అది చాలు," అంది ఆవిడ, ఎప్పట్లాగే పక్కన గోడని చూస్తూ.

ఆ మాట ఇంటాయనకు తగలరాని చోట తగిలింది. ఇన్నేళ్ళ కాపురంలో ఇల్లు ఎవరిదన్న మాట వాళ్ళ మధ్య ఎన్నడూ వచ్చి ఉండదని ఆయన మొహమే చెప్పింది. గొంతు తగ్గించి, ఆఫీసు మనిషిలా మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆయన బీమా కంపెనీలో క్లెయిములు పరిశీలించే అధికారి. కాగితంలో సందు వెతకడం ఆయన వృత్తి.

"సరే. అగ్రిమెంటు ఉందన్నారు కదా, తియ్యండి. మధ్యలో మార్చుకునే వీలు లేకుండా ఎవరూ రాయరు. ఆ షరతు ఎక్కడుందో చూపించండి. రేపే ఇదంతా లేపించేస్తాను."

"ఉంది సార్. ఏడో షరతు. మేడమ్ గారే రాయించారు." అగ్రిమెంటమ్మ సంచిలో చెయ్యి పెట్టింది. కంగారులో వేళ్ళకి తగిలిన కాగితం లాగింది. అది కాదని చూసి వెనక్కి పెట్టబోయింది.

"ఇలా ఇవ్వండి. నేనే చదువుతాను," అంటూ ఇంటావిడ చెయ్యి చాచి ఆ కాగితం అందుకుంది.

అగ్రిమెంటమ్మ నోరు తెరిచేలోపే ఆవిడ గొంతు హాలంతా నిండిపోయింది. ఒకప్పుడు పొద్దున్నే వేల ఇళ్ళలో వినిపించిన గొంతు అది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో దానికి తెలుసు.

"ఏడో షరతు. ఇంటి యజమానురాలి సంతకం లేకుండా, ఎవరు చెప్పినా, ఎంత దగ్గరివారు చెప్పినా, నేల అమరికలో ఏ మార్పూ చేయరాదు. పని మధ్యలో ఉండగా ఏ గదికి ఏ రకం అన్నది ఖాయం. యజమానురాలు తన ఇష్టంతో మార్పు కోరితే తప్ప, పనివారు రాయించుకున్న ప్రకారమే పని పూర్తి చేయవలసి ఉంటుంది."

కళ్ళు కాగితం మీద ఒక వరస నుంచి ఇంకో వరసకి కదిలాయి. చివర చిన్నగా తల ఊపి, వార్తలు ముగించినట్టు కాగితం కిందికి దించింది.

ఒక్క అక్షరం తప్పు పోలేదు. కాకపోతే ఆవిడ చేతిలో ఉన్నది అగ్రిమెంటు కాదు. మేనేజరు గారి మెట్లకి షాపువాళ్ళు పంపిన ధరల పట్టీ అది. ఆ కాగితంలో నిబంధన లేదు, సంతకం లేదు. మెట్టు అంచుల కొలతలూ, డబ్బాల అంకెలూ తప్ప మరేం లేవు.

అగ్రిమెంటమ్మకు కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. మూడుసార్లు పైకి చదివించుకోవడం, చెప్పులు విప్పి అరగంట నడవడం, మొహం మీద ఎన్నడూ నిలవని ఆ చూపు, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి. ఇంటాయన ఇంకేదో సందు పట్టుకుని మళ్ళీ మొదలుపెడతాడని ఎదురుచూసింది. ఆయన మొదలుపెట్టలేదు. భార్య చేతిలోని కాగితం వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. పొడి గొంతుతో, "ఎంత దగ్గరివారు చెప్పినా. సరే. నీ ఇష్టం," అని, వరండాలోకి వెళ్ళిపోయాడు. అంత అరిచిన మనిషి అంత తొందరగా ఎలా తగ్గాడో అగ్రిమెంటమ్మకు అంతుపట్టలేదు. అలిగాడనుకుంది.

ఇంటావిడ చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"మేడమ్, ఇందాక మీరు చదివిన కాగితం ఏదో తెలుసా?"

"అగ్రిమెంటు."

"కాదు. పక్కింటి మెట్లకి షాపువాళ్ళు ఇచ్చిన రేట్లు."

ఆవిడ వెనక్కి చెయ్యి చాచి, గట్టు ఎక్కడుందో చూసుకుని, దానికి ఆనుకుంది.

"మీ తమ్ముడు గమనించాడా?"

"వాడు పలకల్ని తప్ప దేన్నీ గమనించడు."

"ఆయన?"

"గమనించి ఉంటే ఊరుకునే మనిషా? అలిగి బయట కూర్చున్నారు. ముందు నాకు చెప్పండి. ఎంతవరకు కనిపిస్తుంది మీకు?"

"మిమ్మల్ని సూటిగా చూస్తే మీ మొహం ఉండాల్సిన చోట ఒక మసక మచ్చ ఉంటుంది. పక్కకి చూస్తే మీ చెవి కనిపిస్తుంది, కొంచెం జుట్టు కనిపిస్తుంది. అక్షరాలు ఎప్పుడో పోయాయి. రేడియోలో చివరి రోజుల్లో, ముందే వార్తలన్నీ పక్కమ్మాయితో చదివించుకుని గుర్తుపెట్టుకుని చెప్పేదాన్ని. ఒకరోజు మధ్యలో కొత్త వార్త తెచ్చి చేతిలో పెట్టారు. ఆ మర్నాడే మానేశాను." ఆవిడ గొంతులో ఏడుపు లేదు. వాతావరణం చెప్తున్నట్టు చెప్పింది. "మిగిలిన ఆ చుట్టూ అంచులు కూడా ఉండవన్నాడు కళ్ళ డాక్టరు. మా నాన్నకీ ఇలాగే అయింది."

"మరి సార్‌కి చెప్పకుండా ఎన్నాళ్ళు దాస్తారు?"

"మా నాన్నకి కళ్ళు పోయిన సంగతి తెలిసిన రోజు నుంచి ఇంట్లో ఎవరూ ఆయన్ని కుర్చీలోంచి లేవనివ్వలేదు. దాహం అనేలోపు గ్లాసు నోటి దగ్గరికి వచ్చేది. లేస్తే ఇద్దరు పట్టుకునేవారు. అందరూ మంచివాళ్ళే. ఆ మంచితనంతో ఆయన్ని కట్టిపడేశారు. కళ్ళు పోయినా ఆయన బతికేవారమ్మా. కాళ్ళూ చేతులూ కూడా లాగేసుకున్నారు కదా, అందుకే పోయారు." ఆవిడ వేళ్ళతో గట్టు అంచు తడిమింది. "మా ఆయన చెడ్డవాడైతే ఎప్పుడో చెప్పేసేదాన్ని. చాలా మంచివాడు. అదే నా భయం."

బయట తమ్ముడి సుత్తి టప టపమంది. అగ్రిమెంటమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది. జాలి ఒక పక్క నుంచి వస్తుంటే, కోపం ఇంకో పక్క నుంచి దాన్ని నెడుతోంది. చివరికి కోపమే గెలిచింది.

"అయ్యో మేడమ్! నాకైనా చెప్పాలి కదా! కాళ్ళకి గుర్తు తెలియడం కోసమని ఒక్క ముక్క చెప్పుంటే పని వేరేలా చేసేవాళ్ళం. మావాడు చూడ్డానికి బాగుండాలని, రాయి అయిపోయి చెక్క మొదలయ్యే చోట చెమట కార్చి మరీ రాయి అంచు అరగదీసి రెండూ ఒకటే నున్నగా కలిపాడు. మీకేమో అక్కడే తేడా తెలియాలి!"

"అక్కడే తడబడుతున్నాను," అంది ఆవిడ. "గుమ్మంలోంచి హాల్లోకి ఎప్పుడొచ్చానో తెలియట్లేదు. అందుకే ఆగి ఆగి నడుస్తున్నాను."

"మరి నోరు విప్పరేం?"

"ఏమని విప్పను? మీ పని మరీ శుభ్రంగా ఉంది, కొంచెం పాడు చేయండని చెప్పనా?"

ఇద్దరూ ఒకేసారి నవ్వేశారు. నవ్వు ఆగగానే అగ్రిమెంటమ్మకు పక్కింటి ఫోను గుర్తొచ్చి మొహం ముడుచుకుపోయింది.

"సార్‌కి ఈ పూటే చెప్పేయండి మేడమ్. మీ కష్టం మీది, కాదనను. కానీ దాని బరువంతా నా పేరు మీద పడింది. మేనేజరు గారు వచ్చి చూసి ఏమనుకుంటారు? ఈ వీధిలో ఇంక మాకు పని పుడుతుందా?"

"పని పూర్తయ్యేదాకా ఆగండి. అది చాలు నాకు. పూర్తయ్యాక ఆయన ముందు ఈ కొస నుంచి ఆ కొస దాకా, గోడ ముట్టుకోకుండా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడుస్తాను. నడిచి, ఆయనకి మంచినీళ్ళు తెచ్చిచ్చి, అప్పుడు చెప్తాను. ముందు చెప్తే ఆ నడక ఆయన నన్ను నడవనివ్వడు. మీరు అంతవరకు ఎవరితోనూ అనకండి."

"ఇలాంటి షరతు అగ్రిమెంటులో ఎక్కడా లేదు."

"లేదు. అందుకే అడుగుతున్నాను."

అగ్రిమెంటమ్మ ఆ వంటింటి నున్నటి పలకల మీద అటూ ఇటూ నడిచింది. తిట్టుకుంది. తమ్ముణ్ణి తిట్టుకుంది, ఎందుకో తెలియకుండా. చివరికి, "సరే. నా నోట రాదు," అంది. జీవితంలో కాగితం మీద పెట్టకుండా ఆమె ఒప్పుకున్న మొదటి మాట అది. ఒప్పుకోగానే తన మీద తనకే చిరాకు పుట్టింది.

సంచి భుజాన వేసుకుని బయటికొచ్చేసరికి ఇంటాయన వరండాలో టైల్స్ పెట్టెల మీద కూర్చుని ఉన్నాడు. బూట్లు విప్పి పక్కన పెట్టాడు. ఆమెను చూసి, దగ్గరికి రమ్మని చెయ్యి ఊపాడు.

"సార్, రేపు మాట్లాడుకుందాం. ఈ పూటకి నాకు ఓపిక లేదు."

"ఆ కాగితం వెనకాల స్నానాల తొట్టి బొమ్మ ఉంది," అన్నాడాయన చాలా మెల్లగా. "నీలం రంగు తొట్టి. షాపువాళ్ళ ప్రకటన. ఆమె ఎదురుగా నిలబడి చదువుతుంటే నాకు ఆ బొమ్మే కనిపించింది. అగ్రిమెంటు వెనక అలాంటి బొమ్మలు వేయరు కదా."

అగ్రిమెంటమ్మ సంచి పట్టీ గట్టిగా పట్టుకుంది.

"ఎప్పట్నించి?" అడిగాడు.

"మాకేం తెలుస్తుంది సార్. మేం నేలలు పరిచేవాళ్ళం."

"నా ఉద్యోగమే అబద్ధాలు పట్టుకోవడం. మీకు చెప్పడం చేతకావట్లేదు. వదిలేయండి, మిమ్మల్ని అడగను." ఆయన అరచేతులు చూసుకున్నాడు. "ఫోన్లో మెసేజి వస్తే కళ్ళజోడు ఎక్కడో పెట్టాను, మీరే చదవండి అనేది. స్కూటరు బోరు కొట్టిందని అమ్మేసింది. ఇంకొకరి ఇంట్లో అయితే రెండు నిమిషాల్లో పసిగట్టేవాణ్ణి. నా ఇంట్లో నాకు పట్టలేదు. వచ్చీ రాగానే నేల బాగాలేదని గొంతు చించుకున్నాను."

ఆమె పక్కన పెట్టె మీది అంకెలు చూస్తూ నిలబడింది. నోరు విప్పడానికి వీల్లేదు.

"నాతో ఎందుకు చెప్పలేదో కూడా నాకు తెలుసు. మా మామగారికి గ్లాసు పట్టించింది ఎవరనుకున్నారు? నేనే. ఆయన చెయ్యి చాస్తే, మీకెందుకు శ్రమ అని చెయ్యి కిందికి దించేవాణ్ణి. బంగారం లాంటి అల్లుడని అందరూ మెచ్చుకున్నారు. ఈమె ఒక్కతే ఏమీ అనేది కాదు. గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండేది."

తమ్ముడు లోపలి నుంచి, "అక్కా, గులకరాళ్ళ పట్టీకి ఇంకో పెట్టె కావాలి," అని కేకేశాడు.

"ఆగరా!" అని ఆమె అంత కన్నా గట్టిగా కేకేసింది.

ఇంటాయన ముందుకు వంగాడు. "ఒక్క పలక కూడా తీయద్దు. ఆమె ఎలా అడిగితే అలాగే చేయండి. కానీ నాకు తెలుసన్న సంగతి ఆమెకి తెలియకూడదు. తనంతట తను చెప్పేదాకా నేనేమీ ఎరగనట్టే ఉంటాను. అనుమానం రాకుండా రేపు కూడా వచ్చి కాసేపు అరుస్తాను. మీరేమీ అనుకోకండి."

"ఏమీ అనుకోనా!" అగ్రిమెంటమ్మకు ఆ క్షణాన ఆ పెట్టెలన్నీ ఎత్తి వీధిలో పారేయాలనిపించింది. "మీరు అరవండి సార్, తృప్తిగా అరవండి. కానీ మేనేజరు గారికి ఫోన్ చేసి మా మీద వేసిన నింద ముందు తీసేయండి."

"ఏమని తీసేయను? ఇందాక తప్పన్నవాణ్ణి ఇప్పుడు ఒప్పంటే ఎందుకని అడుగుతాడు. ఆయన భార్యా ఈమే రోజూ మాట్లాడుకుంటారు. సాయంత్రానికల్లా ఈమె చెవిన పడుతుంది."

"అంటే మీ ఇద్దరూ ఒకరి మనసు ఒకరు నొప్పించకుండా ఉండాలి. మధ్యలో మేం దొంగలమనిపించుకోవాలి. అంతేనా?"

"కొన్నాళ్ళే. ఆ తరవాత నేనే వీధి వీధంతా తిరిగి చెప్తాను. నా మాట మీద నమ్మకం లేకపోతే రాసిస్తాను. మీకు కాగితం ఉండాలి కదా." జేబులోంచి పెన్ను తీశాడు. తన చేతిపెట్టెలో ఉన్న ఆఫీసు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"వద్దు సార్. రాయకండి."

"ఫరవాలేదు."

"సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను, ఈ ఒక్కటి రాయకండి. రాసింది ఎప్పటికైనా బయటపడుతుంది."

రాయించుకోవడం తప్ప ఎరగని మనిషి అలా బతిమాలుతున్నా ఇంటాయన వినలేదు. క్లెయిములు రాసే చెయ్యి అది, ఒకసారి మొదలైతే ఆగదు. తన భార్యకు చూపు తగ్గిన విషయం తనకు తెలుసుననీ, అది ఆమెకు తెలియనివ్వకూడదనీ, పని మీద తను చేసిన ఆరోపణ అబద్ధమనీ, దానికి తనదే పూచీ అనీ పొందికైన వాక్యాల్లో రాసి, కింద సంతకం గీకి, ఆమె చేతిలో పెట్టాడు. సిరా ఇంకా తడిగానే ఉంది.

"ఏదో రాస్తున్నట్టున్నారు."

ఇద్దరూ ఉలిక్కిపడి తిరిగారు. ఇంటావిడ గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో తెలియలేదు. మొహంలో కోపం గాని నవ్వు గాని లేదు.

"పెన్ను చప్పుడు వినిపించింది. మళ్ళీ కొత్త అగ్రిమెంటా?"

"ఏం లేదులే," అన్నాడు ఇంటాయన, గబగబా లేచి. "ఊరికే, పని ఎప్పటికి పూర్తవుతుందో రాసుకుంటున్నాం."

"మంచిది. అయితే నేనూ వినాలి. ఇల్లు నాది కదా." ఆవిడ గడప దాటి వరండాలోకి వచ్చి, పెట్టెల పక్కన నిలబడింది. "ఏం రాశారో చదవండి."

"ఇలా ఇవ్వండి, నేను చదువుతాను," అంటూ ఇంటాయన కాగితం కోసం చెయ్యి చాచాడు.

"మీరు కాదు," అంది ఆవిడ. "ఆవిడ చదవాలి. ఉన్నది ఉన్నట్టు."